చారాణా కోడికి బారాణా మసాలా... మొత్తం ఎంత?

మాది ఇబ్రహీంపట్నం. ఈ మాట అనగానే ఆఫీసులో అందరూ "ఓ, ఇంజనీరింగ్ కాలేజీలన్నీ ఉండేది అక్కడే కదా" అంటారు. కాదండీ బాబూ, అది రంగారెడ్డి జిల్లాది. విజయవాడ పక్కన ఇంకోటుంది, అదీ కాదు. మాది మెట్‌పల్లి దగ్గరది. 2016లో జిల్లాలు విడదీసేదాకా కరీంనగర్ జిల్లా, ఇప్పుడు జగిత్యాల జిల్లా.

మొన్న దసరాకి ఊరెళ్ళినప్పుడు మా చెల్లెలి కూతురు అరుగు మీద కూర్చుని లెక్కల హోంవర్కు చేస్తోంది. ఆరో తరగతి. "0.25, 0.3 - వీటిలో ఏది పెద్దది?" అని ప్రశ్న. అది దర్జాగా 0.25 అని రాసేసింది.

"ఎట్లానే?" అన్నాను.

"ఇరవై అయిదు పెద్దదా, మూడు పెద్దదా? నువ్వే చెప్పు మామా."

నాకు తెలిసిన చిట్కా చెప్పాను. 0.3 పక్కన ఒక సున్న పెట్టు, 0.30 అవుతుంది, ఇప్పుడు పోల్చు, అని. అది ఒక్క క్షణం ఆలోచించి, "3 పక్కన సున్న పెడితే 30 అయితది గదా. మరి గిక్కడ సున్న పెడితే ఏం మారదంటవేంది?" అంది. నిజం చెప్పొద్దూ, దానికి అర్థమయ్యే జవాబు నా దగ్గర లేదు. చిన్నప్పుడు నాకూ ఎవరూ చెప్పలేదు. సున్న పెట్టమన్నారు, పెట్టాను, మార్కులొచ్చాయి.

దాన్ని చూసి నవ్వే హక్కు కూడా నాకు లేదు లెండి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో వెర్షన్ నంబర్లని మామూలు అంకెల్లా సార్టు చేసే స్క్రిప్టొకటి రాశాను. 1.9 తర్వాత 1.10 రాగానే నా స్క్రిప్టు దాన్ని 1.1 అనుకుని అడుక్కి తోసేసింది. ఒక రాత్రంతా జాగారం. అంటే మా కోడలు దశాంశాన్ని వెర్షన్ నంబర్ అనుకుంది, నేను వెర్షన్ నంబర్ని దశాంశం అనుకున్నాను. ఇద్దరికీ చుక్కతోనే తంటా :)

పక్కన చిక్కుడుకాయలు తుంచుతున్న మా అమ్మ అందుకుంది. "గింత దానికి గంత లొల్లేంది? ఏమే బిడ్డా, చారాణ పెద్దదా, మూడు పదిపైసలు పెద్దయా?"

అద్భుతమైన ప్రశ్న! 0.25, 0.3 అంటే సరిగ్గా అదే కదా. నేను సంబరపడేలోపే మా కోడలు అడిగింది, "చారాణ అంటే ఏంది అమ్మమ్మా?"

"ఇరవై అయిదు పైసలు."

"పైసలంటే డబ్బులే గదా?"

అమ్మ, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మా వైపు పైసలు అంటే డబ్బులనే అర్థం. దానికి తెలిసిన పైసలు అవే. రూపాయిని వంద ముక్కలు చేస్తే వచ్చే ఒక ముక్క పేరు పైసా అని దానికి తెలీదు. పదిపైసల బిళ్ళ దాని చేతిలో ఎప్పుడూ పడలేదు మరి. "చారాణా కోడికి బారాణా మసాలా" అన్న సామెత మాత్రం దానికి వచ్చు. చారాణా, బారాణా కలిపితే ఒక రూపాయి అని మాత్రం రాదు!

ఆ రాత్రి ఇదే ఆలోచన. మనకి దశాంశాలు ఎవరు నేర్పారు? బడి కంటే ముందు నేర్పిందెవరు? కొంచెం వెనక్కి వెళ్ళి చూద్దాం.

చుక్క రాకముందు మనవాళ్ళు లెక్కలు చేయలేదా అంటే, బ్రహ్మాండంగా చేశారు. పదకొండో శతాబ్దంలోనే పావులూరి మల్లన మహావీరాచార్యుడి గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. కానీ బజార్లో భిన్నాల లెక్క పదులతో నడవలేదు, నాలుగులతో నడిచింది. తూముకి నాలుగు కుంచాలు, కుంచానికి నాలుగు మానికలు. ఒకటిలో నాలుగో వంతు పావు, పావులో నాలుగో వంతు వీసం (1/16), వీసంలో నాలుగో వంతు కాని (1/64). మధ్యలో అర, ముప్పావు, పరక (1/8) ఉండనే ఉన్నాయి.

వీటిని రాసే పద్ధతి చూస్తే మన సాఫ్ట్‌వేర్ జనానికి ముచ్చటేస్తుంది. పావుల స్థానంలో నిలువు గీతలు: ౹ అంటే పావు, ౺ అంటే అర, ౻ అంటే ముప్పావు. తర్వాతి స్థానం వీసాలది, అక్కడ అడ్డగీతలు: ౼ వీసం, ౽ పరక, ౾ మూడు వీసాలు. ఆ తర్వాతి స్థానంలో మళ్ళీ నిలువు, ఆ తర్వాత మళ్ళీ అడ్డం. ఈ లెక్కన ౫౹౽ అని రాస్తే అయిదుంబావు మీద పరక, మన లెక్కలో 5.375. గీత నిలువా అడ్డమా అన్నదే స్థానం చెప్పేస్తుంది, చుక్క అవసరం లేదు. (ఈ గుర్తులు మీకు డబ్బాల్లా కనిపిస్తే తప్పు మీ ఫాంటుది, నాది కాదు.)

నిలువు గీతల స్థానం ఖాళీగా ఉంటే అక్కడ పెట్టే ప్రత్యేకమైన సున్న పేరు హళ్ళి. అడ్డగీతల స్థానం ఖాళీ అయితే మామూలు సున్న. "సున్నకు సున్న, హళ్ళికి హళ్ళి" అని మనం దేనికి పడితే దానికి వాడేస్తాం కదా, ఆ హళ్ళి ఇదే! నాకు ఈ సంగతి ముప్పై దాటాక తెలిసింది. వెన్న నాగార్జున గారు ఈ గుర్తుల గురించి రాసిన ప్రతిపాదనతో ఇవి 2008లో యూనికోడ్ 5.1లోకి చేరాయి. మన తాతల లెక్కలు బళ్ళోంచి పోయి యూనికోడ్‌లో బతికాయన్నమాట.

ఇంకో తమాషా. 0.1కి 0.2 కలపమంటే మీ ప్రోగ్రాం 0.30000000000000004 అని చెప్పడం అందరం చూసినవాళ్ళమే. పదో వంతు బైనరీలో ఎంత రాసినా తెగదు. పావు, పరక, వీసం, కాని మాత్రం రెండుని రెండుతో గుణిస్తూ పోతే వచ్చే భాగాలు కాబట్టి బైనరీలో తు.చ. తప్పకుండా కూర్చుంటాయి. అంటే కంప్యూటర్‌కి మన లెక్క కంటే మా తాత లెక్కే బాగా అర్థమవుతుంది.

పదుల లెక్క కూడా ఎక్కడో ఒక్కచోట పుట్టింది కాదు. పదో శతాబ్దంలో డమాస్కస్‌లో అల్ ఉక్లిదిసి, పదిహేనో శతాబ్దంలో సమర్‌కంద్‌లో అల్ కాషీ దశాంశ భిన్నాలు వాడారు. 1440ల్లో ఇటలీలో బియాంకీని అనే ఖగోళ శాస్త్రవేత్త ఏకంగా చుక్కే పెట్టాడని 2024లో బయటపడింది. 1585లో సైమన్ స్టెవిన్ అనే ఆయన హాలండ్‌లో ఓ చిన్న పుస్తకం వేశాడు. పేరు "పదో వంతు" అనే అర్థం వచ్చే డచ్చి మాట. ఆయన దాన్ని పండితుల కోసమే రాయలేదు. భూమి కొలిచేవాళ్ళూ, బట్ట కొలిచేవాళ్ళూ, సారా పీపాలు కొలిచేవాళ్ళూ, టంకశాల వాళ్ళూ వాడుకోవాలని రాశాడు. నాణేలూ, తూకాలూ కూడా పదుల్లో ఉంటే బాగుంటుందన్నాడు. దశాంశాలు బజారు కోసమని ఆయనకి అప్పుడే తెలుసు.

ఆ బజారు మా ఊరిదాకా రావడానికి ఇంకో 372 ఏళ్ళు పట్టింది.

మా ప్రాంతం నిజాం ఏలుబడిలో ఉండేది కాబట్టి హాలీ సిక్కా చెలామణీ. బ్రిటిష్ ఇండియా రూపాయిని కల్దార్ అనేవాళ్ళు. 1950లో భారత రూపాయి ఇక్కడ అధికారికంగా చెలామణీలోకి వచ్చింది. లెక్క ఏమిటంటే ఏడు హాలీ రూపాయలకి ఆరు భారత రూపాయలు. ఒక్క హాలీ రూపాయికి ఎంత అని దశాంశాల్లో చేసి చూడండి, 0.857142 అని మళ్ళీ మళ్ళీ తిరుగుతూనే ఉంటుంది. పాత హాలీ డబ్బు 1959 దాకా చెల్లింది. ఈ లెక్క జనానికి ఒంటబట్టేలోపే రెండోది మొదలైంది.

1957 ఏప్రిల్ 1. ఆంధ్రప్రదేశ్ పుట్టి అయిదు నెలలు. రూపాయికి 16 అణాలు, అణాకి 12 పైలు, అంటే రూపాయికి 192 పైలు అనే లెక్క ఆ రోజుతో మారి రూపాయికి 100 నయా పైసలు అయ్యాయి. 1, 2, 5, 10 నయా పైసల బిళ్ళలు వచ్చాయి. వాటి మీద ఏం రాసి ఉందో గుర్తుందా? ఒక నయా పైసా మీద హిందీలో "రుపయే కా సౌవా భాగ్", రూపాయిలో నూరో వంతు. పది మీద రూపాయిలో పదో వంతు. ఇంతకంటే మంచి పాఠ్యపుస్తకం ఏముంటుంది! చదువు రానివాళ్ళ కొంగు ముడిలోకి కూడా దశాంశ పాఠం వెళ్ళిపోయింది.

కానీ పాత అణాలు కూడా కొన్నేళ్ళు పక్కపక్కనే నడిచాయి. అసలు తంటా అక్కడ. అణాకి లెక్కప్రకారం ఆరుంబావు నయా పైసలు. పావు పైసా బిళ్ళ లేదు కదా, అందుకని సర్కారు పట్టిక ఇచ్చింది. అణా అంటే 6, రెండణాలు 12, మూడణాలు 19, నాలుగణాలు 25. సగం వస్తే కిందికి, సగం దాటితే పైకి. అచ్చంగా మనం కోడులో రాసే రౌండింగే. మూడు అణా వస్తువులు విడివిడిగా కొంటే 18, ఒక్కసారి కొంటే 19. నాలుగు విడివిడిగా 24, కలిపితే 25.

అమ్మకి అప్పుడు ఏడెనిమిదేళ్ళు. వాళ్ళ నాన్నది చిన్న కిరాణా కొట్టు. ఆ పట్టిక గోడకి అంటించి, రోజూ పొద్దున దీపం పెట్టాక కూతురి చేత పైనుంచి కిందిదాకా చదివించేవాడట. అమ్మ బడికి పోయింది నాలుగో తరగతి దాకానే. కానీ ఇప్పటికీ "పదకొండు అణాలమ్మా?" అంటే "అరవై తొమ్మిది" అని తడుముకోకుండా చెబుతుంది. సరిచూశాను, 68.75. కరెక్టే!

1958 అక్టోబరు నుంచి తూకాలు కూడా మెల్లిగా మారాయి. 933 గ్రాముల షేరు పోయి వెయ్యి గ్రాముల కిలో వచ్చింది. తులం అన్న మాట మాత్రం పోలేదు, దాని బరువు మారింది. 11.66 గ్రాముల తులం, బంగారం కొట్లో ఇప్పుడు 10 గ్రాములు. మాట పాతదే, లోపల లెక్క దశాంశానిది. 1964లో నయా పైసా పేరులోంచి నయా కూడా పోయింది, అప్పటికది పాతబడిపోయింది కాబట్టి.

అంటే ఏమిటి? బడి ముఖం చూడని కోట్లమంది పెద్దవాళ్ళు కొన్నేళ్ళలో దశాంశాలు నేర్చేసుకున్నారు. వాళ్ళకెవరూ "చుక్క తర్వాత సున్న పెట్టు" అని సూత్రం చెప్పలేదు. తప్పు చేస్తే చేతిలో డబ్బు పోతుంది, అంతే. పైసా అనే టీచరు ప్రతి ఇంటికీ వచ్చి ట్యూషను చెప్పింది.

2011 జూన్ 30న ఆ టీచరు రిటైరైంది. ఆ రోజుతో 25 పైసలు, అంతకంటే చిన్న బిళ్ళలు చెల్లకుండా పోయాయి. అర్ధ రూపాయి ఇప్పటికీ చెల్లుతుందంటారు, ఇచ్చి చూడండి, కొట్టువాడు మిమ్మల్ని ఎలా చూస్తాడో! ఫోనులో డబ్బు కొడితే చుక్క కనిపిస్తుంది గానీ దాని వెనక ఎప్పుడూ రెండు సున్నలే. అదొక అలంకారం అనుకుంటారు పిల్లలు. నేను దీన్ని తప్పు పట్టడం లేదు, ధరలు పెరిగాయి, పైసా విలువ పోయింది, పోవాల్సిందే. కానీ లెక్కల పుస్తకం మాత్రం పిల్లల జేబులో పైసలున్నట్టే ఇంకా మాట్లాడుతోంది. ఖాళీ అయిన ఆ ఉద్యోగంలోకి ఎవరినీ తీసుకోలేదు.

సరే, నాకు ఇంకా నాలుగు రోజుల సెలవుంది. మా కోడలితో పాటు వీధిలో ఇంకో ఆరుగురు పిల్లలు. తాత్కాలికంగా నేనే చేరాను.

మొదటి రోజు ముగ్గు. వాకిట్లో పదికి పది చుక్కలు పెట్టమన్నాను. మొత్తం ముగ్గు ఒకటి. ఒక వరస 0.1. ఒక చుక్క 0.01. పక్కన ఇంకో ముగ్గు. ఒకదాంట్లో 0.25 రంగు నింపమన్నాను, రెండు వరసలూ, అయిదు చుక్కలూ. రెండోదాంట్లో 0.3, మూడు నిండు వరసలు. మా కోడలు నడుం మీద చేతులు పెట్టుకుని చూసి, "ఓ, మూడు అంటే మూడు చుక్కలు కాదు, మూడు వరసలు" అంది. సున్న సందేహం కూడా అక్కడే తీరింది. 0.30 అంటే మూడు వరసలూ, విడి చుక్కలు ఏమీ లేవు. ముగ్గు మారలేదు. 3 పక్కన సున్న పెడితే 30 ఎందుకవుతుందంటే సున్న గొప్పతనం కాదు, 3 తన చోటు నుంచి ఎడమకి జరిగింది కాబట్టి. 0.3లో మూడు ఎక్కడికీ జరగలేదు.

రెండో రోజు నయా పైసల దుకాణం. అట్టముక్కలతో బిళ్ళలు, వాటి మీద "రూపాయిలో నూరో వంతు" అని తెలుగులో. ఒకటే నియమం: చేతిలో పది బిళ్ళలు ఒకే రకం ఉండకూడదు, పది కాగానే పై బిళ్ళకి మార్చుకోవాలి. అమ్మ కొట్లో కూర్చుంది, వాళ్ళ నాన్న పట్టిక గోడకి కట్టాం. ధరలన్నీ అణాల్లో. అరగంటలో ఒక పిల్లాడు నాలుగు బలపాలు నాలుగుసార్లు వచ్చి కొన్నాడు. ఒక్క పైసా మిగుల్చుకున్నాడు! అమ్మ వాణ్ణి చూసి "వీడు షావుకారైతడు" అంది.

మూడో రోజు దొంగ చుక్కలు. చుక్క కనిపించిన ప్రతిదీ దశాంశం కాదని చెప్పడానికి. 4.3 ఓవర్లంటే నాలుగున్నర ఓవర్లు, క్రికెట్ ఆడే పిల్లలకి చెప్పకుండానే తెలుసు, ఓవరుకి ఆరు బంతులే. పహాణీలో 2.20 అంటే రెండెకరాల ఇరవై గుంటలు, ఎకరానికి 40 గుంటలు కాబట్టి అది రెండున్నర ఎకరాలు. అదే ఆంధ్రా వైపు 2.20 అంటే రెండెకరాల ఇరవై సెంట్లు, వంద సెంట్లు ఎకరం కాబట్టి అది మాత్రం అసలైన దశాంశం. ఒకే భాష, ఒకే చుక్క, రెండు అర్థాలు. మన దగ్గర 1.30కి 1.20 కలిపితే ఎంత అన్నాను. పిల్లలు వేళ్ళ మీద లెక్కపెట్టి మూడెకరాల పది గుంటలన్నారు. ఎక్సెల్ 2.50 అంటుంది. ఎక్సెల్‌ని నమ్మిన అన్నదమ్ములకి ఇరవై... కాదు, ముప్పై గుంటలు గల్లంతు! (ఎక్సెల్ జవాబుని పహాణీలా చదివితే రెండెకరాల యాభై గుంటలు, అంటే సరిగ్గానే ఉంది. రెండున్నర ఎకరాలని చదివితేనే ముప్పై గుంటలు పోయాయి. ఇది విప్పడానికి నాకే రెండు నిమిషాలు పట్టింది, పిల్లలు నన్ను దాటి పోయారు.)

నాలుగో రోజు నేను అనుకున్నది వేరు, జరిగింది వేరు. జ్వరం చూసే థర్మామీటరు, పెట్రోలు బంకు మీటరు, పాలకేంద్రంలో వెన్న శాతం, ఇలా నిజమైన చుక్కలు ఎక్కడెక్కడ ఉన్నాయో పట్టుకు రమ్మన్నాను. అన్నీ వచ్చాయి. రోజూ మాట్లాడకుండా చివర్లో కూర్చునే ఒక అమ్మాయి మాత్రం వాళ్ళమ్మ బీడీల లెక్క పుస్తకం తెచ్చింది.

మా వైపు, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్లల్లో బీడీలు చుట్టే ఆడవాళ్ళు లేని వీధి తక్కువ. కూలీ వెయ్యి బీడీలకి ఇంత అని ఉంటుంది. రోజూ సరిగ్గా వెయ్యి ఎవరు చుడతారు? ఒకరోజు 650, ఒకరోజు 700, ఒంట్లో బాగోకపోతే 400. ఆ పుస్తకంలో చుక్క ఒక్కటీ లేదు, కానీ ప్రతి పంక్తీ దశాంశమే. 650 అంటే 0.65 వెయ్యి. వెయ్యికి 200 అనుకుందాం అన్నాను, లెక్క తేలిగ్గా ఉండాలని. ఆ అమ్మాయి 0.65ని 200తో గుణించి 130 అని రాసింది. తర్వాత నేను అడగకుండానే పుస్తకం మొదటి పేజీకి వెళ్ళి వారం మొత్తం వేసింది. నాలుగు రోజుల్లో అది నోరు తెరిచి మాట్లాడింది అప్పుడే.

"సార్, 0.65 కన్నా 0.7 యాభై బీడీలు ఎక్కువ."

మా కోడలు వెంటనే "అవును, అరవై అయిదు కన్నా ఏడు పెద్దది" అని, తను అన్నది తనకే వినపడి పకపకా నవ్వింది. అందరం నవ్వాం.

ఈ నాలుగు రోజుల్లో నేను కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు. స్టెవిన్ 1585లో చెప్పిందీ, ఆ కిరాణా కొట్టు గోడ మీద 1957లో అంటించిందీ ఒకటే. ఇది కొలిచేవాళ్ళ లెక్క, కొలుస్తూ నేర్చుకోవాలి. రేపు ఈ పిల్లలే మందు సీసా మీద 0.5 మిల్లీలీటర్లని చదవాలి, పహాణీ చదవాలి, జీతం కాగితం చదవాలి. అక్కడ చుక్క తప్పు చదివితే పోయేది మార్కు కాదు. పైసా ఎలాగూ తిరిగి రాదు. కానీ ప్రతి ఊళ్ళోనూ దాని ఉద్యోగం చేయగలిగే వస్తువు ఏదో ఒకటి ఉండే ఉంటుంది. మా ఊళ్ళో బీడీల చాట. మీ ఊళ్ళో ఏమిటో మీకే తెలియాలి.

బస్సెక్కేటప్పుడు మా కోడలు అడిగింది. "మామా, చారాణా కోడి, బారాణా మసాలా కలిపితే రూపాయి గదా. మరి కోడి రూపాయిలో ఎంత వంతు?"

"నువ్వే చెప్పు."

"0.25. మసాలా 0.75. ఇంతకీ గా రూపాయికి కోడి ఎక్కడొస్తది?"

దానికి మాత్రం మా అమ్మే జవాబు చెప్పాలి.